రికార్డర్ లోపలి పరదా

రెండో శనివారం పొద్దున కెమెరాల రికార్డర్ బొమ్మ చూపించడం మానేస్తుంది. దాంతో వెనక వాకిట్లో తెల్లవారదు. ఇంటి ముందు ఎండ కాస్తోంది, పాలవాడు వచ్చి పోయాడు; వంటింటి తలుపుకు అవతల మాత్రం చీకటి. స్వరూప ఉతికిన బట్టలు ముందు గ్రిల్లుకే ఆరేసి, హాల్లో టీవీ ముందు కూర్చుంటుంది.

టీవీ మీద 'సిగ్నల్ లేదు' అని ఉంది. రికార్డర్‌కు పచ్చ లైటు వెలుగుతోంది, లోపల ఫ్యాను తిరుగుతోంది. అంటే పనిచేస్తోంది. పనిచేస్తూనే ఏమీ చూపించడం లేదు. ఈ గుణం ఇంట్లో ఇంకొకరికి కూడా ఉందని ఆమెకు తెలుసు.

ఆమె భర్త సారంగపాణికి హనుమకొండ చౌరస్తాలో పరదాల దుకాణం. స్వరూప బళ్లో లెక్కలు చెబుతుంది. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చిన సారంగపాణి వెనక వాకిట్లో ఎవరితోనో మాట్లాడుతున్నాడని పక్కింటి కోమల చెప్పింది. "గోడ మీదికెల్లి చూసిన వదినా, కుర్చీలే కనవడ్డయి" అని కూడా చెప్పింది. స్వరూప దొంగల భయమని చెప్పి కెమెరాలు పెట్టించింది. సెలవు రోజు తీరిగ్గా చూద్దామనుకుంది. సెలవు రోజే బొమ్మ పోయింది.

వైరు వదులైందేమోనని పీకబోతుంది. వైరు వస్తూనే ఉంటుంది, సోఫా చుట్టూ చుట్టలు చుట్టలుగా పడుతుంది, వెచ్చగా ఉంటుంది. కొస చెవికి ఆనిస్తే సారంగపాణి గొంతు. మాటలు తెలియడం లేదు. నవ్వు తెలుస్తోంది. తన ముందు ఆయన అట్లా నవ్వి చాలా కాలమైంది.

కంపెనీకి ఫోన్ చేస్తుంది.

"ఆన్ చేసినప్పుడు బీప్ వచ్చిందా మేడమ్, నిట్టూర్పు వచ్చిందా?" అంటుంది అవతలి అమ్మాయి.

"నిట్టూర్పే."

"అయితే పవర్ బాగానే ఉంది. మూత విప్పి చూడండి. విప్పేటప్పుడు ఇంట్లోవాళ్లు ఎవరైనా అడ్డం వస్తే, లోపం వాళ్లదే."

ఫోన్ పెట్టేసేసరికి సారంగపాణి గుమ్మంలో ఉన్నాడు, చేతిలో స్క్రూడ్రైవర్‌తో.

"నీకెవరు చెప్పిన్రు?" అంటుంది స్వరూప.

"స్క్రూలు నిన్ను చూసి బిగుసుకున్న చప్పుడు దుకాణం దాకా వచ్చింది."

ఆయన అడ్డం రాడు. తనే మూత విప్పుతాడు. అదే ఆమెకు ఎక్కువ అనుమానంగా ఉంది.

లోపల హార్డ్ డిస్కు ముందు చిన్న పరదా వేలాడుతోంది. నీలం పూల గుడ్డ, అంచు చేత్తో కుట్టి ఉంది.

"ఇది నీ దుకాణంల గుడ్డే."

"నా దుకాణంల గుడ్డ ఊరంత ఉంది."

స్వరూప వేలితో పరదాను పక్కకు జరుపుతుంది. బొమ్మ వస్తుంది, కానీ టీవీ మీద కాదు. సారంగపాణి వీపు మీద, తెల్లచొక్కా నిండా, నాలుగు గడులుగా వస్తుంది. ఆయన చూడాలని తిరిగితే బొమ్మ కూడా ఆయనతోపాటే తిరుగుతుంది.

"కదలకు" అంటుంది స్వరూప.

వెనక వాకిలి గడిలో మధ్యాహ్నం. ఒక కుర్చీలో సారంగపాణి, ఎదురు కుర్చీలో స్వరూప. ఆ చీర తనకు లేదు. ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటోంది.

"ఎవరామె?"

"నువ్వే" అంటాడాయన, గోడవైపు తిరిగే. "నువ్వు బడికి పోయినంక వస్తది. నేను చెప్పింది వింటది, ఏదీ అడగది. దుకాణం నడుస్తలేదని ఆమెకు చెప్పిన. నీకు చెప్పలేకపోయిన."

"పరదా ఆమె కుట్టిందా?"

"నువ్వు చూస్తవని సిగ్గువడ్డది."

స్వరూపకు తన మీద తనకే అసూయ పుడుతుంది. అడగాల్సినవి నోటినిండా ఉన్నాయి. ఒక్కొక్కటే మింగుతుంది, అవి చింతగింజల్లా గొంతు దిగుతాయి. ఆఖరిది దిగగానే వెనక వాకిట్లో తెల్లవారుతుంది. కుర్చీ మీద ఆ చీర మడతపెట్టి ఉంది, ఇంకా వెచ్చగా. స్వరూప వాకిట్లోకి పోయి దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆ కుర్చీలోనే కూర్చుంటుంది.

"చెప్పు" అంటుంది.

సారంగపాణి వెంట వచ్చి, ఎదురు కుర్చీ తిప్పి, ఆమెకు వీపు పెట్టి కూర్చుని, మొదటినుంచీ చెప్తాడు. ఆమె వింటూ ఆయన వీపు మీద గేటు గడిని చూస్తుంది. గేటు బయట సముద్రం నిలబడి ఉంది.

ఎవరు పిలిచారో స్వరూప అడగదు. పోయి గేటు తీస్తుంది. సముద్రం చెప్పులు బయటే విడిచి హాల్లోకి వస్తుంది, తడి అంటకుండా చీర కుచ్చిళ్లలా అంచు పైకి పట్టుకుని సోఫాలో ఓ మూలకు సర్దుకుంటుంది. సారంగపాణి ఎవరూ చెప్పకుండానే మంచినీళ్లు తెస్తాడు, అదీ పొడుగు గ్లాసులో. సముద్రానికి పొడుగు గ్లాసే కావాలని ఆయనకెట్లా తెలుసోనని స్వరూప ఆయన ముఖంలోకి చూస్తుంది, ఆ ప్రశ్ననూ మింగుతుంది.

సముద్రం తల వెనక్కి వంచి, ఎంగిలి కాకుండా, గ్లాసెత్తి గటగటా తాగుతుంది.