వీపు మీద నోరు

పైలట్ లేని ఆ చిన్న విమానానికి ఇంజిన్ గాలి పీల్చే నోరు ఎక్కడ పెట్టాలన్న తగువులోనే నా వయసంతా కరిగిపోయింది. పొట్ట కింద పెడితే నేల మీది రాడార్‌కు ఇట్టే దొరికిపోతుంది. వీపు మీద పెడితే ఒళ్లే దాన్ని దాచేస్తుంది, రన్‌వే మీది రాళ్లూ లోపలికి పోవు. ఢిల్లీ కమిటీ మాత్రం ఒప్పుకోదు. ముక్కు పైకెత్తినప్పుడు గాలి అందదంటుంది. చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. చివరికి, తిరుపతిలోని మా షెడ్డులో ఇంజిన్ నడిపి చూపించమన్నారు. ఆగిందా, నోరు పొట్ట కిందికి పోతుంది.

వాళ్లు వచ్చేది ఆయుధపూజ మర్నాడు. పండగపూట అందరి ఇళ్లవాళ్లూ షెడ్డుకు వచ్చారు. లేతు మిషన్లకు పసుపు కుంకుమలు పెట్టారు, గుమ్మడికాయ కొట్టారు. విమానానికి బొట్టు పెడతామని నోటి మీది వలమూత తీశారు. నేను ఓ మూల కుర్చీలో కునుకు తీస్తున్నాను.

మర్నాడు కమిటీ ముందు ఇంజిన్ అందుకుంది, ఊపు తీసుకుంది, గరగరమని ఆగిపోయింది. కమిటీ పెద్దాయన గడియారం చూసుకున్నాడు.

"ఏమైందప్పా రామచంద్రా? వాళ్లు సాయంత్రం రైలుకు పోతారు. కారణం ఏందో ఈలోపల చెప్పల్ల," అన్నాడు షెడ్డు అధికారి గోవిందస్వామి.

ఇంజిన్ విప్పాను. లోపలి రెక్కలు చిట్లిపోయాయి. గొట్టం వంపులో, పైనుంచి చూస్తే కనిపించని చోట, పసుపు బియ్యం ఇంకా నాలుగు గింజలు మిగిలాయి. కొండ మీది నుంచి అక్షింతలు తెచ్చింది మా ఆవిడ పంకజాక్షి ఒక్కతే.

చెబితే నా నోరు వీపు మీదే ఉంటుంది. కానీ ఆ మాట ఢిల్లీ దాకా పోతుంది. రేపు క్వార్టర్సు కుళాయి దగ్గర ఆమె తల ఎలా ఎత్తుకుంటుంది? ఇంకోసారి కొట్లాడే ఓపిక కూడా నాలో లేదు. గింజలు జేబులో వేసుకున్నాను.

"లోపల ఏదో పడిందన్నా. నోరు పైన ఉంటే ఏదో ఒకటి పడతానే ఉంటాది. కిందికే మార్చేద్దాం," అన్నాను.

గోవిందస్వామి ఆ మాటే కమిటీకి చెప్పడానికి వెళ్లాడు.

ఇంటికొచ్చి అన్నానికి కూర్చున్నాను. "బాగా ఆడిందా?" అని అడిగింది పంకజాక్షి.

"లేదు. నోరు కిందికి మారుస్తారు."

వడ్డిస్తున్న చెయ్యి ఆగింది. "అదేందండీ, ఇన్నేండ్లు కొట్లాడితిరే! మీ కష్టం గట్టెక్కల్లని, అక్షింతలు సరిగ్గా నోట్లోనే పడేట్టు వేసినానే."

నాకు ఏడుపొచ్చింది. తలొంచుకుని అన్నం కలుపుకున్నాను.

"పొట్ట కిందయితే వచ్చే పండక్కి ఎట్ల వేసేది? నా చెయ్యి అందదు గదా," అంది దిగులుగా.

ఇన్నేళ్లలో మొదటిసారి, కమిటీ మాటే సరైనదనిపించింది.