ఎండకు చెరిగిన గంట

ఎగ్జిబిషన్ నుంచి గంట తిరిగి రాగానే ఆమె ముందు దాని మీద దుమ్ము తుడిచింది. తర్వాత మీట నొక్కింది. మోగలేదు. బ్యాటరీ మార్చింది, తీగలు కదిపి చూసింది. చివరికి మూత విప్పింది. చిప్ నడుమ చిన్న గాజు కిటికీ బోసిగా కనిపిస్తోంది. దాని మీద ఉండాల్సిన నల్ల స్టిక్కర్ లేదు.

ఆ కాలపు చిప్‌ల పద్ధతే అంత. లోపల రాసిన ప్రోగ్రాం చెరపాలంటే ఆ గాజులోంచి ప్రత్యేకమైన దీపపు వెలుతురు పడాలి. దీపం లేకపోతే ఎండ కూడా మెల్లమెల్లగా అదే పని చేసిపెడుతుంది. అందుకే రాయడం అయిన వెంటనే కిటికీ మీద స్టిక్కర్ అంటించేవాళ్లు. గంట ఇచ్చేటప్పుడు స్టిక్కర్ తీయొద్దని భర్తకు చెప్పింది కూడా. అతను ఫోన్లోంచి తల ఎత్తకుండానే సరే సరే అన్నాడు.

వారమంతా బ్యాంకు, ఆదివారం ముందుగదిలో సర్క్యూట్ల క్లబ్బు, అదీ అతని జీవితం. మొదట్లో అందరూ ఈ గాజుకిటికీ చిప్‌లకే దండం పెట్టేవారు. ఒక్క తీగ గుచ్చితే చాలు పనిచేసే నీలం బోర్డు రాగానే అవి అటకెక్కాయి. తీగే అక్కర్లేని బోర్డు వచ్చాక నీలం బోర్డులూ వాటి పక్కకే చేరాయి. ఇప్పుడు గోరంత బోర్డుల రోజులు. పాతది పట్టుకొచ్చిన వాణ్ణి, ఇంకా దాని మీదేనా అని చిరిగిన చొక్కాను చూసినట్టు చూస్తారు. బోర్డు మారినప్పుడల్లా ఇల్లు మారినంత హడావుడి. టీ మాత్రం అదే టీ, తెచ్చే మనిషీ అదే మనిషి.

ఆ గంట చేసినప్పుడు ఆమె కడుపుతో ఉంది. అంతకుముందే ఆసుపత్రి పరికరాలు బాగుచేసే ల్యాబ్‌లో ఉద్యోగం మానిపించారు. మానేసిందని ఇంట్లో అంటారు. అత్తగారు తుంటి విరిగి మంచాన పడ్డారు. కేకేస్తే వంటింట్లోకి వినపడేది కాదు. అందుకని మంచం పక్కన మీట, వంటింట్లో గంట. ఒక నొక్కు మంచినీళ్లకి, రెండు నొక్కులు బాత్రూమ్‌కి, ఆపకుండా నొక్కితే నొప్పి. ఎవరూ పలక్కపోతే మోత పెరుగుతుంది. పిడికెడు చోటున్న ఆ చిప్‌లో ఇంత పని ఇరికించడానికి ఎన్ని మధ్యాహ్నాలు పట్టాయో ఆమెకే తెలుసు. ఒక్కో అక్షరం చోటు మిగిలినా ఆ పూటంతా కూనిరాగాలే. ఇంటికొచ్చిన వాళ్లందరికీ అత్తగారు ఆ మీట చూపించి, మావాడు చేసిపెట్టాడు, వాడికి నేనంటే ప్రాణం అని మురిసిపోయేవారు. అతను నవ్వి ఊరుకునేవాడు. మంచినీళ్లు పట్టుకొచ్చిన ఆమె కూడా నవ్వి ఊరుకునేది. ఎందుకు ఊరుకుందో ఇప్పుడు తలచుకుంటే తన మీద తనకే జాలేస్తుంది.

అప్పటి చిప్‌ల నుంచి ఇప్పటి వాటి దాకా గ్రంథాలయం వరండాలో వరసగా పెడదామని క్లబ్బు అనుకుంది. ఇంకా పనిచేస్తున్న పాతది ఈ ఇంట్లో తప్ప ఎక్కడా దొరకలేదు. తను చేసిన వస్తువును ఒకరు అడిగి తీసుకెళ్లడం అదే మొదటిసారి. పక్కన తన పేరు రాస్తారేమోనన్న ఆశతో, ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని మరీ వెళ్లింది. కార్డు మీద ‘తయారీ: క్లబ్బు కార్యదర్శి’ అని ఉంది. కార్యదర్శి అంటే ఆమె భర్తే. కళ్లలో నీళ్లు తిరిగి, ఎవరైనా చూస్తారని వెంటనే వచ్చేసింది. కార్డు మీదున్న కళ్లు ఒక్కసారి చిప్ మీదికి తిప్పి ఉంటే, మూత తీసి ఎండలో పెట్టిన సంగతి కనపడేది. ఆ ప్రోగ్రాం ఇంకెక్కడా లేదు. ఎలా ఇరికించిందో కూడా ఇప్పుడు గుర్తు రావడం లేదు.

“స్టిక్కర్ తీస్తే లోపల భలే మెరిసింది. అందుకే తీశాను,” అన్నాడు భర్త. ఆమె మొహం చూసి కాస్త తగ్గాడు. “పోనీలే, ఇప్పుడవెవరు వాడుతున్నారు? కొత్త బోర్డు ఇస్తాను. ఈసారి నీ ఫోన్‌కే మోగేలా పెట్టుకో. బజారుకెళ్లినా అమ్మ పిలిచినట్టు నీకు తెలుస్తుంది.”

నిజంగా మేలు చేస్తున్నాననే అనుకున్నాడు. ఆ మాట వింటూంటే ఆమెకు కొత్త దుఃఖం మొదలైంది. అంత చదువూ, అన్ని మధ్యాహ్నాలూ ధారపోసి ఏం చేసింది? తనను పిలవడానికో గంట. తన వేలితో తన కన్నే పొడుచుకోవడమంటే ఇదే. అది ఎండలో పోయిందని ఏడవాలో, అన్నేళ్లు మోగినందుకు ఏడవాలో తేలలేదు. లోపలి నుంచి అత్తగారు “ఏమ్మా, నీళ్లు” అన్నారు. వెళ్లి ఇచ్చి వచ్చింది.

ఆదివారం క్లబ్బు వాళ్లు వచ్చేసరికి ముందుగదిలో బల్ల మీది కంప్యూటరు ముందు ఆమె కూర్చుని ఉంది. గోరంత బోర్డు చెప్పినట్టు విన్నది. చోటు కోసం కక్కుర్తి పడే పనే లేదు. పని సగం పూటలో తెమిలింది. చివర్లో ఏ ఫోన్‌కు మోగాలో నంబరు ఇమ్మని తెర మీద అడిగింది, ఆమె కొట్టింది. భర్త భుజం మీంచి వంగి చూశాడు.

“ఇది నా నంబరు. తప్పు కొట్టావు.”

“ఇది తప్పు కాదండీ,” అంది ఆమె, తెర మీంచి కళ్లు తిప్పకుండా. “అప్పుడు గంట వంటింట్లో పెట్టానే, అది తప్పు.”