కోటు విలువ తగ్గించిన సాయంత్రం

చేతిలో ఉన్నవి ఇవీ, ఇంకా రెండు రోజులు, ఒక నగర పటం, చూడవలసిన చోట్లన్నీ వరసగా మా ఆవిడ రాసిచ్చిన చీటీ, మోచేతి మీద నాది కాని ఒక కోటు, బరువంతా ఆ కోటుదే, మనిషి ఒంటి మీద ఉంటే ఏ కోటూ ఇంత బరువుండదు, అక్క ముందు నడుస్తోంది, అరవై దగ్గర పడినా ఆ నడకలో తరుగు లేదు, చిన్నప్పుడు నాన్న కొట్టు మూసి ఇంటికొచ్చేటప్పుడూ ఇంతే, తను ముందు, నేను వెనక, త్వరగా రారా, చీకటి పడితే ఆయన ఇక దొరకడు అంటోంది, గాలి చెవులు కొరికేస్తోంది, రాత్రికి మంచు పడుతుందని పొద్దున బావ రేడియోలో విన్నాడు, ఈ చలిలో ఆ ముసలాయన ఒంటి మీద ఒక్క చొక్కాతో ఎక్కడున్నాడో, దానికి కారణం నా నోరు, నా వేళ్ళు, ఆ మాట అక్క ఇంతవరకూ అనలేదు, తిట్టేస్తే నా లెక్క చెల్లయిపోయేది, తిట్టదు.

జరిగింది తలుచుకుంటే అసలేమీ జరగనట్టే ఉంటుంది, ఈ పరాయి దేశంలో అక్కా బావా పద్దెనిమిదేళ్ళుగా నడుపుతున్న క్రైస్తవ మిషన్ అంటే ఏదో పెద్ద భవనం ఉంటుందనుకుని వచ్చాను, తీరా చూస్తే చర్చి కింద ఒక నేలగది, ఆరు బట్టలుతికే యంత్రాలు, రెండు ఆరబెట్టేవి, ఒక పొడుగాటి బల్ల, గోడకి సిలువ, వీధుల్లో బతికేవాళ్ళు వచ్చి మాసిన బట్టలు విప్పి ఇస్తారు, అవి ఆరేదాకా దుప్పట్లు చుట్టుకుని కూర్చుంటారు, బావ బైబిల్లోంచి ఒక వాక్యం చదువుతాడు, ఒక్కటే, వినాలని బలవంతం లేదు, మేమూ ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళేవాళ్ళమే, కాకపోతే పన్నెండింటికి కొట్టు తెరవాలి కాబట్టి నా భక్తి సగం గడియారం మీద ఉంటుంది, ఇదా అక్కా దేవుడి పని అంటే, ఎవరెవరి బట్టలో ఉతకడమా అన్నాను వచ్చిన రోజే, మరి నువ్వు చేసేదేమిట్రా, ఎవరెవరికో బట్టలమ్మడమేగా, నువ్వు అమ్మాక మాసేది నేను ఉతుకుతున్నా అంది, దాని నోటికి మా బజారంతా భయపడేది, ఇవాళ పొద్దున ఆ ముసలాయన వచ్చాడు, కోటు విప్పి బల్ల మీద పెట్టాడు, మట్టీ నూనె మరకలూ, ఎవరూ రెండోసారి చూడని కోటు, నా వేళ్ళు ఊరుకుంటాయా, ముప్పై ఏళ్ళుగా గుడ్డ పట్టి బతికిన వేళ్ళు, అంచు పట్టుకుని రుద్దగానే తెలిసిపోయింది, అచ్చమైన ఉన్ని, లోపల చేత్తో కుట్టిన అస్తరు, గుండీలు కొమ్ముతో చేసినవి, వచ్చీరాని వాళ్ళ భాషలో గదంతా వినపడేలా చెప్పేశాను, ఇది అసలు సరుకు, చాలా ఖరీదు, ఇలాంటిది ఇప్పుడు దొరకదు అని, ఆయన్ని గౌరవించాననే అనుకున్నాను, గోడవార కూర్చున్న ఇద్దరు తలెత్తారు, వాళ్ళు తలెత్తడం ముసలాయన చూశాడు, నేను చూడలేదు, బట్టలు ఆరాక చొక్కా, ప్యాంటు తీసుకున్నాడు, కోటు నాది కాదన్నాడు, అక్క లోపల్నుంచి పరుగెత్తుకొచ్చేసరికి వీధి మలుపు తిరిగిపోయాడు.

పోయిన చలికాలం కొత్త బూట్ల కోసం ఆయన్ని ఎవరో కొట్టారట, పక్కటెముక విరిగిందట, అప్పట్నుంచీ మంచిదేదీ ఒంటి మీద ఉంచుకోడు, ఈ కోటొక్కటీ ఉంచుకున్నాడు, అది మంచిదని ఎవరికీ తెలియదు కాబట్టి, ఇప్పుడు తెలుసు, గోడవార ఉన్నవాళ్ళు దొంగలా అక్కా అంటే, కాదురా, వాళ్ళు మంచివాళ్ళే, చలే మంచిది కాదు అంది, ఇదిగో గడియారపు గోపురం, చీటీలో మొదటిది, జనం తలలెత్తి ఫోటోలు తీసుకుంటున్నారు, అక్క తల దించుకుని గోపురం వెనక్కి వెళ్ళింది, అక్కడ నేలలో ఇనప జాలీ, దాన్లోంచి వేడిగాలి వస్తోంది, దాని చుట్టూ ముగ్గురు, ఆయన లేడు, అక్క ఆ ముగ్గుర్నీ పలకరించింది, దగ్గు తగ్గిందా, కాలి పుండుకి మందు రాస్తున్నావా, రేపు బట్టలు తీసుకురా, తర్వాత నది, పేరుమోసిన వంతెన, దాన్ని నేను అడుగు నించి చూశాను, తడిసిన అట్టపెట్టెలు, ఒక కుక్క, ఒకావిడ అక్కని చూసి నిద్రలోంచి లేచి నవ్వింది, మా ఆవిడ అడిగితే ఏం చెప్పాలి, వంతెన కింది భాగం చాలా బాగుందే అని చెప్పాలా, ఏ బేకరీ వెనక గోడ ఏ వేళకి వెచ్చబడుతుందో అక్కకి తెలుసు, ఏ కాపలావాడు లేపేస్తాడో, ఏ కాపలావాడు చూడనట్టు పోతాడో తెలుసు, ఏ నెలలో ఏ రంగు గుడ్డ అమ్ముడుపోతుందో చెప్పగలనని మా బజార్లో నాకు పెద్ద పేరు, ఈవిడ ముందు నేనెంత, ఇంత పెద్ద నగరాన్ని వెచ్చదనం లెక్కన కంఠతా పట్టింది.

మ్యూజియం మెట్ల పక్కన దొరికాడు, మోకాళ్ళు గుండెకి ఆనించుకుని, పెదవులు నీలం తిరిగి, అక్క కోటు చాపింది, ఆయన తల తిప్పేశాడు, కాదు అనే మాట ఏ భాషలోనైనా అర్థమవుతుంది, అక్క బతిమాలలేదు, కోటు తనే పట్టుకుని ఆయన పక్కన చల్లటి రాతి మీద కూర్చుంది, ఎంతసేపైనా కూర్చునేలా ఉంది, నేను నిలబడి ఆ కోటు చూస్తున్నాను, నాసిరకం గుడ్డని ఖరీదైనదిగా కనిపించేలా చెయ్యడం నాకు వచ్చు, దీపం ఎటు పెట్టాలో, మడత ఎలా వెయ్యాలో, ఇస్త్రీ ఎంత వేడి మీద చెయ్యాలో, అదంతా తిరగేస్తే, అక్కా, సూదీ దారం ఉన్నాయా అన్నాను, దాని సంచీలో లేకపోవడమేమిటి, చిన్న కత్తెర, రేకు డబ్బా నిండా వాళ్ళ బట్టల నించి రాలిన గుండీలు, కొమ్ము గుండీలు ఊడదీసి ముసలాయన అరచేతిలో పోశాను, వాటి చోట ఎర్రదొకటి, పచ్చదొకటి, పైజమా గుండీ ఒకటి, తర్వాత నా భుజానికున్న గుడ్డ సంచి, మా కొట్టు పేరు అచ్చేసినది, పేరు మధ్యలోకి కత్తెర పోనిచ్చాను, ఆ పసుపు ముక్కని వీపు మీద అతుకు వెయ్యబోతే ఆయన వేలు కదిలింది, అక్కడ కాదు, ఇక్కడ, భుజం మీద, ముందు కనపడేలా, అర్థమైపోయింది ఆయనకి, జేబు ఒక వైపు ఊడదీసి వేలాడదీయమన్నాడు, నేను కుడుతున్నాను, వంకరగా కుట్టడం ఇంత కష్టమని తెలీదు, చెయ్యి దానంతటది తిన్నగా పోతుంది, నాన్న దెబ్బలు కొట్టి నేర్పిన చెయ్యి, ముసలాయన ఏదో అన్నాడు, ఇంకొంచెం అసహ్యంగా కుట్టమంటున్నాడ్రా అంది అక్క, నవ్వాపుకోలేక, ఆయన లేచి చేతులు చాపాడు, నేనే తొడిగాను.

ఇంకా సగం పని మిగిలింది, ఆ గదిలో పడిన మాట అక్కడే ఉంది, ముసలాయన్ని వెంటబెట్టుకుని మిషన్‌కి వచ్చాం, ఐదింటికి సూప్ పోస్తారు, అందరూ వస్తారు, ఆ ఇద్దరూ ఉన్నారు, బావ గరిటె పట్టుకుని నిలబడ్డాడు, బావా, నేను చెప్పింది చెప్పినట్టు వీళ్ళకి చెప్పాలి, మార్చకూడదు అన్నాను, ముసలాయన కోటు చెయ్యి పట్టుకుని అందరూ చూసేలా రుద్దాను, సరుకు కొనేటప్పుడు పెట్టే ముఖం ఒకటుంటుంది నాకు, ఆ ముఖం పెట్టాను, పొద్దున పొరపాటు పడ్డాను, ఇది ఉన్ని కాదు, కల్తీ నూలు, నాలుగు ఉతుకులకి పీలికలైపోతుంది, దీనికి ఎవడైనా ఏమైనా ఇస్తే వాడు నాకన్నా తెలివితక్కువవాడు, బావ గరిటె గాల్లో ఆగిపోయింది, నేను ఆడుతున్నది అబద్ధమని ఆయనకి తెలుసు, ఆ బల్ల దగ్గర ఆయన ఎన్నడూ అబద్ధం చెప్పిన మనిషి కాదు, గొంతు సవరించుకున్నాడు, పొరపాటు పడ్డానని మా బావమరిది అంటున్నాడు, ఉన్ని కాదని మా బావమరిది అంటున్నాడు, పీలికలవుతుందని మా బావమరిది అంటున్నాడు, ప్రతి ముక్కకీ నన్ను తగిలించాడు, బావమరిది అనే మాట వాళ్ళ భాషలో నాకు అలా వచ్చేసింది, గోడవార ఇద్దరిలో ఒకడు ఆ పసుపు అతుకునీ నన్నూ మార్చి మార్చి చూసి ఏదో అన్నాడు, గది గదంతా నవ్వింది, ఏమన్నాడు బావా, గుడ్డ పట్టి చూడ్డం కూడా రానివాడి దగ్గర మీ ఊళ్ళో ఎవడు కొంటాడయ్యా అంటున్నాడు, మా బజార్లో ఎవడైనా ఆ మాట అనుంటే ఆ సాయంత్రానికి పది మంది పెద్దమనుషులు కూర్చోవలసి వచ్చేది, ఇక్కడ నవ్వేసి సూప్ తాగాను.

నీ అబద్ధం సంగతి ప్రార్థనలో నేను చూసుకుంటాలే, నువ్వు ముందు గిన్నెలు కడుగు అంది అక్క, కడుగుతున్నాను, మెట్ల వైపు కిటికీ అవతల ముసలాయన పైకి వెళ్తున్నాడు, మెడ దాకా గుండీలు పెట్టుకుని, ఎవరూ అటు చూడలేదు, మంచు మొదలైంది, నా వెనక అక్క సబ్బు నురగ మోచేతుల దాకా, తడిసిన ఏప్రాన్, అతుకుల స్వెట్టరు, పక్కన కూర్చున్నవాళ్ళకి తమలో ఒకతిలాగే కనపడుతుంది, అందుకే కదా ఎవరూ బెదరరు, అందుకే కదా దాని చేతికి అన్నీ విప్పి ఇస్తారు, ఇన్నేళ్ళూ నేను దాన్ని చూసి, బంగారంలాంటి మనిషి చవగ్గా పోయిందని బాధపడ్డాను, తన కొమ్ము గుండీలు తనే ఊడదీసుకుందని ఇవాళ తెలిసింది, లెక్క ఇంతే, పోయింది ఆ గదిలో ఉన్న పదిహేను మంది దగ్గర నా పరువు, దక్కింది ఒకాయనకి ఆయన కోటే, నాకు మిగిలింది మా అక్క ఎంత ఖరీదైన మనిషో తెలియడం, అది మాత్రం నేను ఎవరికీ చెప్పను.