నువ్వులు పిలిచినోళ్లు

కాశిబుగ్గల భద్రమ్మ ఇంట్ల పొద్దున ఏడింటికి మూకుడు పొయ్యెక్కిందంటే వాడకట్టంత చెవులు అటే పారేస్తది. ఆ ఇంటి ఆడోళ్లు ఎక్కడ నువ్వులు వేయించినా అవి చిటపటమనుకుంట ఎవరిదో ఒక పేరు పిలుస్తయ్. పిలిపించుకున్న మనిషికి ఎక్కడున్నా ఆకలితోని కడుపుల కాలుతది. తినేటందుకు లేచి బయలెల్లిండా, వంట కమ్మగైతది. మొండికేసిండా, చేదు విషమే. దాంట్ల వింతేమున్నది? ఒకరింట్ల కుక్కర్ కూతలేస్తది, వీళ్లింట్ల నువ్వులు పేర్లు పిలుస్తయ్.

ఆ బుధవారం మూకుడు పెట్టింది భద్రమ్మ కోడలు సుకన్య. హన్మకొండల కొత్తగ తెరిచిన హోటల్ల సలాడ్లు చేసేటందుకు మనిషి కావాలన్నరు. "జపానోళ్ల నువ్వుల డ్రెస్సింగ్ ఇంట్ల చేసి పన్నెండింటికల్ల సీసాల పట్టుకరా అమ్మా, రుచి చూసి చెప్త" అన్నడు ఓనర్. నౌకరీ దొరికితే, సూరత్ మగ్గాల కాడికి పోయిన మొగడు రమాకాంత్‌ను వాపస్ రమ్మంటది. దొరకకుంటే ఐతారం ఇంటికి తాళమేసి, అత్తను, బిడ్డ కావ్యను తీసుకొని తనే సూరత్ బండెక్కాలె.

నువ్వులు వేగినయ్. "మొగిలమ్మ" అన్నయ్, సాఫ్‌గ.

మొగిలమ్మంటే భద్రమ్మ తోడికోడలు, పక్కిల్లే. పదకొండేండ్ల కింద సద్దుల బతుకమ్మ నాడు భద్రమ్మ తొందరల నువ్వులు ఆమె చేతిలనే పోసింది. నువ్వులు ఎవరన్న చేతికిస్తరా? కింద పెడితే అవతలోళ్లు తీసుకోవాలె. లేకుంటే లడాయి అయితది. అయింది. ఆ దినం సంది ఇద్దరికీ మాటల్లేవు.

నువ్వులు నూరి, సోయా సాస్, వెనిగర్, చక్కెర, జరంత నువ్వుల నూనె కలిపి నాలిక మీదేసుకుంటే చేదు. మాడినయేమోనని ఇంకోసారి సన్నమంట మీద దోరగ వేయించింది. మళ్ల మొగిలమ్మే. మళ్ల చేదే. ఆ మొగిలమ్మేమో కడుపు పట్టుకొని తన గడప మీద పండ్లు పటపట కొరుక్కుంట కూసున్నది.

"అత్తమ్మా, చిన్నత్తమ్మను పిలువు" అన్నది సుకన్య.

"నా పానం పోయినా పిలువ. ఇంకో పేరొచ్చేదాక వేయించు."

"పది కొట్టింది. నువ్వులు పిడికెడే మిగిలినయ్. నీ కొడుకు ఆ మగ్గాల షెడ్డు దుమ్ముల దగ్గుతాండు, ఫోన్ల నువ్వినలేదా? నాకీ నౌకరీ కావాలె అత్తమ్మా!"

పదహారేండ్లల్ల కోడలు గొంతు లేపింది గప్పుడే. భద్రమ్మ చెప్పులేసుకున్నది.

పక్కింటి గడప ముందట నిలబడి, "నువ్వులు నిన్ను పిలుస్తానయ్" అన్నది.

"ఇన్న. నువ్వులకు నా మీద ప్రేమ, పావురమున్నది. నీకున్నదా?"

భద్రమ్మ గడప మీద ఆమె పక్కన కూసున్నది. "ఆ పొద్దు తప్పు నాదే చెల్లె. రా, తిందువు."

"గింత మాటకు పదకొండేండ్లాయె గదక్కా!" అని మొగిలమ్మ ఏడ్సుకుంటనే లేచింది. ఆమె గడప దాటంగనే డ్రెస్సింగ్‌ల చేదు పోయి కమ్మగైంది. దాంట్ల కీర ముక్కలు ముంచుకొని తిని, "ఇదేం చట్నీనే, కారమే లేదు" అని తిట్టుకుంట మూడుసార్లు పెట్టించుకున్నది.

మిగిలింది జామ్ సీసాల పోసుకొని సుకన్య హన్మకొండ ఆటో ఎక్కింది. ఓనర్ చెంచాడు నాకి, "సోమారం సంది రా అమ్మా" అన్నడు.

రమాకాంత్ మాత్రం ఫోన్ల నసిగిండు. "నెల రోజులు చూద్దాం. నీ నౌకరీ నిలబడ్తదో లేదో. ఉత్త చేతులతోని వస్తే నలుగురు నవ్వుతరు." సుకన్యకు కోపమొచ్చింది, అంతకంటె ఎక్కువ బాధయింది.

సోమారం హోటల్ వంటింట్ల కిలో నువ్వులు పెద్ద మూకుట్ల పోసింది. అవి వేగి వేగి, "రమాకాంత్" అన్నయ్.

"ఎవరక్కా?" అన్నడు కూరగాయలు కోసే మాస్టర్ యాకయ్య.

"మా ఆయన. సూరత్‌ల ఉన్నడు."

"బాగ దూరమే" అనుకుంట ఆయన క్యాబేజీ తరుగుడు ఆపలేదు.

సుకన్య నూరింది, కలిపింది. చెంచా నోటి దాక తెచ్చి ఆగింది. చేదుంటే ఆయన రాడు. హోటల్ వాళ్ల ముందట నౌకరీ గూడ పోతది. కండ్లు మూసుకొని నాలిక మీదేసుకున్నది.

కమ్మగున్నది.

కొంగుతోని కండ్లు తుడుచుకుంట, "మాస్టర్, ఎల్లుండి పొద్దుగాల ఒక్క గంట పర్మిషన్ కావాలె. స్టేషన్‌కు పోవాలె" అన్నది.