నాలుగో ట్యాంకు కేసు

మనీలాలో మేం చదివిన బిజినెస్ కాలేజీలో పాఠాలుండవు, కేసులుంటాయి. ఏదో ఒక కంపెనీకి నిజంగా వచ్చిపడ్డ చిక్కుని పేర్లు మార్చి పాతిక పేజీల్లో రాసిస్తారు. అసలు సమస్య ఏమిటో తేల్చి, ఉన్న దారులన్నీ తూచి, చివరికి ఒక్క దారి చెప్పాలి. మా లక్సమానా ప్రొఫెసర్‌కి ఒకటే నియమం: "కేసులో లేనిది లోకంలో లేదు." బయట విన్నదీ కన్నదీ ఎవరైనా ఎత్తితే ఆ రోజుకి సున్నా.

మా జట్టులో ముగ్గురం. నేను డెల్ఫిన్, బ్యాంకు ఉద్యోగం మానుకుని ముప్ఫై రెండేళ్ళ వయసులో మళ్ళీ పుస్తకం పట్టినవాణ్ణి. పెర్లిటాకి లెక్కలు కొట్టిన పిండి. ఎలీసియో దక్షిణాన ఇంకో దీవిలో ఉన్న జాంబోవాంగా నుంచి స్కాలర్‌షిప్ మీద వచ్చాడు. చిన్నవాడు కాబట్టి నన్ను 'కుయా' అనేవాడు, మనం అన్నా అన్నట్టు. ఇంకొక్కసారి మార్కులు తగ్గితే అతని స్కాలర్‌షిప్ పోతుంది.

చివరి కేసు సార్డీన్ చేపల టిన్నుల ఫ్యాక్టరీది. టిన్నులు ఉడికించే నాలుగో ఆవిరి ట్యాంకు పేలి ముగ్గురు పోయారు. ఫ్యాక్టరీ అక్కడే మళ్ళీ కట్టాలా, ఇంకో దీవికి తరలించాలా అన్నది జనరల్ మేనేజర్ ముందున్న ప్రశ్న. ప్రమాదం ఎందుకు జరిగిందన్న దాని గురించి ఒక్క వాక్యమే ఉంది: ప్రెషర్ దిగకముందే రామోన్ అనే ఆపరేటర్ తొందరపడి తలుపు తీశాడు.

ఆదివారం మధ్యాహ్నం పెర్లిటా గదిలో నూడుల్స్ తింటూ పనికి కూర్చున్నాం. ఎలీ తినలేదు.

"కుయా, ఇది మా ఊరి ఫ్యాక్టరీ. ఈ రామోన్ మా నాన్న."

పెర్లిటా పకపకా నవ్వింది. "ఊరుకో ఎలీ! నీకు ప్రతి కేసులోనూ చుట్టాలే. పోయిన వారం కాఫీ షాపు మీ పిన్నిదన్నావుగా?"

"ఆపరేటర్‌కి ఎడమ చెవి వినపడదని రాశారు, ఏడో పేజీ చూడు. నాన్నకీ అంతే. పేలింది ఊరి పండక్కి ముందు మంగళవారం. అదీ అంతే."

ఆమె నవ్వు ఆగిపోయింది.

"ఆ ట్యాంకు ప్రెషర్ ముల్లు ఇరుక్కుపోయేది కుయా. లోపల ఆవిరి నిండుగా ఉన్నా సున్నా చూపించేది. మార్చమని నాన్న ఫోర్‌మన్‌కి మూడుసార్లు చెప్పాడు. ఇంట్లో రోజూ అదే గొడవ. ఆరేళ్ళ నుంచీ ఏటా నాన్న పోయిన రోజున అమ్మ ఆ గేటు దగ్గరికెళ్ళి నిలబడుతుంది. డబ్బడగదు. తప్పు మా ఆయనది కాదని ఒక్క కాగితం రాసివ్వండి, చాలంటుంది."

అప్పుడు నేనన్న మాటలు మరిచిపోదామన్నా మరపు రావు.

"ఆ ముల్లు కేసులో ఉందా?"

"లేదు."

"మరింకేం! ఆ మాట ఎత్తావో, సామాను సర్దుకుని ఓడెక్కడమే. మీ నాన్న ఎలాగూ తిరిగి రాడు. అయినా ఇందులో ఉన్నది ఆయన పేరు కాదు కదరా. రామోన్‌ని తిట్టు, నీకేం పోయింది?"

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. ఫ్యాక్టరీ కాగితాల్లో ఆ పాటి మర్యాద కూడా ఉండదు, చచ్చినవాడిదే తప్పు. ఎలీ లాప్‌టాప్ తనవైపు తిప్పుకుని 'మూలకారణం' అన్న భాగం తనే రాశాడు: ఆపరేటర్ నిర్లక్ష్యం. నిజానికి కేసులో నిర్లక్ష్యం అన్న మాట లేదు, తొందరపాటు అనే ఉంది. గట్టిగా ఉంటుందని ఆ మాట పెట్టించింది నేనే.

క్లాసులో లక్సమానా ఎలీనే లేపాడు. ఇరవై నిమిషాలు మాట్లాడాడు ఎలీ. గొంతు ఎక్కడా వణకలేదు. "మూలకారణం రామోన్ నిర్లక్ష్యం. యంత్రంలో లోపం ఉన్నట్టు ఆధారం లేదు. కాబట్టి ఫ్యాక్టరీ అక్కడే కట్టొచ్చు." అరవైమంది చప్పట్లు కొట్టారు. గండం గడిచిందని నేను సిగ్గులేకుండా సంతోషపడ్డాను.

అప్పుడు ప్రొఫెసర్ వెనక వరసలో కూర్చున్న తెల్లజుట్టు పెద్దమనిషిని ముందుకి పిలిచాడు. చివరి క్లాసుకి కేసులోని అసలు మనిషిని తీసుకురావడం మా కాలేజీలో ఆనవాయితీ. ఎవరొస్తారో ముందుగా చెప్పరు. ఆ జనరల్ మేనేజర్ ఆయనే.

ఆయన సూటిగా వచ్చి ఎలీ చెయ్యి పట్టుకున్నాడు. మా క్లాసులో ప్రతి ఒక్కరి ముందూ పేరు రాసిన అట్ట ఉంటుంది. ఎలీసియో మాగ్లెంటె అని ఇంతింత అక్షరాలు. ఆయన దాన్ని చదివాడు కూడా. ఆ ఇంటిపేరు ఆయనకి ఏమీ గుర్తుచెయ్యలేదు.

"మావైపు ఏమైనా తప్పుందా అని ఆరేళ్ళుగా నాకు కంటి నిండా నిద్ర లేదు బాబూ. ఇవాళ నా గుండెల మీద బరువు దించావు." ఆయన లక్సమానా వైపు తిరిగాడు. "ఈ పిల్లలు రాసింది నాకో కాపీ ఇప్పించండి సార్. ఒకావిడ ఏటా మా గేటు దగ్గరికొచ్చి నిలబడుతుంది. పాపం, మేం ఎంత చెప్పినా నమ్మదు. చదువుకున్న పిల్లలు రాశారంటే నమ్ముతుంది."

"డెల్ఫిన్, కాపీ ఇవ్వు," అన్నాడు ప్రొఫెసర్.

అది నా చేతిలోనే ఉంది. పైన మా ముగ్గురి పేర్లు, అందులో ఎలీ పేరు మొదట. అప్పుడైనా నేను నోరు తెరవాల్సింది. తెరవలేదు, పిరికివెధవని.

ఎలీ నా చేతిలోంచి ఆ కాగితాలు లాక్కున్నాడు.

"మీకెందుకండీ శ్రమ," అన్నాడు ఆయనతో, ఎంతో మర్యాదగా. "ఆవిడ మా అమ్మ. నేనే తీసుకెళ్ళి చదివి వినిపిస్తాను."

ఆ సాయంత్రమే ఎలీ ఊరెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. తల్లి ముందు కూర్చుని అది ఎలా చదివాడో, అసలు చదివాడో లేదో నాకు తెలియదు. ఫోన్ చేసి అడిగే మొహం నాకు లేదు.

మరుసటి ఏడాది పెర్లిటా పనిమీద జాంబోవాంగా వెళ్ళి, సరిగ్గా ఎలీ నాన్న పోయిన రోజున ఫ్యాక్టరీ గేటు దాకా పోయిందట. గేటు ముందు ఎవరూ లేరు. కాపలావాణ్ణి అడిగితే, "ఈసారి రాలేదమ్మా ఆవిడ," అన్నాడట.