గోడగారి నీడ

పొద్దున్నే కళ్లజోళ్ల దుకాణానికి బయల్దేరే ముందు ఆమె చేసే పనులు వీధికంతా కంఠతా వచ్చు. కర్టెన్లు మూస్తుంది. ఫ్రిజ్ గరగరలాడకుండా కింద గుడ్డ మడత సర్దుతుంది. తనే అద్దాలు అరగదీసి బిగించిన నల్ల కళ్లజోడు మొగుడికి పెడుతుంది. తర్వాత అతన్ని వీధి చివరిదాకా నడిపించడానికి తలుపు తీసి, అతను బయటికొచ్చాక కూడా దాన్ని పట్టుకునే నిలబడుతుంది. నీడ రావాలి కదా.

మొగుణ్ణి అందరూ గోడ అంటారు. ఫుట్‌బాల్ జట్టుకి గోల్‌కీపరు. బంతిని దాటనివ్వడని ఆ పేరు. ఓ ఆటలో తలే అడ్డం పెట్టాడు, ఎదుటివాడి మోకాలు తగిలింది. పైకి దెబ్బ మానింది గానీ, అప్పట్నుంచి అతని నీడ వెనకబడింది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పట్టించుకునే తీరికే ఉంటే ఆ వీధివాళ్లు ముందు మురుగుకాలువ బాగుచేయించుకునేవాళ్లు. బస్సు డ్రైవరు మాత్రం "నీడ కూడా ఎక్కిందా?" అని అడిగాకే కదిలేవాడు.

"నీ అదృష్టం. మా ఇంట్లో మనిషే ఆలస్యంగా వస్తాడు" అనేది ఎదురింటి పిన్ని. ఆవిడ ఓదార్పులన్నీ అలాగే ఉంటాయి.

ఆమెకి నవ్వొచ్చేది కాదు. గోడ మాట మధ్యలో ఆగిపోయేవాడు. చెంచా కింద పడితే ముందు చెంచా మీద అరిచేవాడు, తర్వాత ఆమె మీద. దుకాణంలో ఫోన్ మోగితే, ఇంటినుంచేమోనని ఆమె చేతిలో అద్దం వదిలేసి పరిగెత్తేది. తలనొప్పి పూర్తిగా పోయేదాకా మైదానం మాటెత్తొద్దని, ఇంకో దెబ్బ తగిలితే కష్టమని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట విన్నాక గోడకి నొప్పి తొందరగా పోయింది. అంటే, ఎవరడిగినా పోయిందనేవాడు.

"నిజం చెప్పు" అనేది ఆమె.

"డాక్టరమ్మే నమ్మింది. నీకేంటి?"

ఫైనల్ రోజున కోచ్ వచ్చాడు. జ్వరమొచ్చినా, పెళ్లి చెడినా మైదానం చుట్టూ పరిగెత్తమనే మనిషి.

"మొహం అలా పెట్టకు చెల్లెమ్మా. మా రెండో కీపరు మరీ మర్యాదస్తుడు. బంతి వస్తే పక్కకి జరిగి దారిస్తాడు."

"ఈయన తలకి మళ్లీ తగిలితే మీరొచ్చి అన్నం తినిపిస్తారా అన్నయ్యా?"

"బయల్దేరేటప్పుడు ఏం మాటలవి!" అని గోడ విసుక్కుని, చేతి తొడుగులు తొడుక్కుని గడప దాటాడు.

ఆమె తలుపు పట్టుకుని నిలబడింది. నీడ రాలేదు. కోచ్ వాచీ చూసుకున్నాడు. ఎదురింటి పిన్ని చీపురు పట్టుకుని, ఏమీ ఊడవకుండా దగ్గరికొచ్చింది.

"వస్తుంది, ఆగండి" అన్నాడు గోడ.

చివరికి అందరూ లోపలికి తొంగి చూశారు. నీడ మంచం అంచున కూర్చుని ఉంది. రెండు చేతులతో తల పట్టుకుని, మోకాళ్ల మీదికి వంగిపోయి, మెల్లగా ఊగుతోంది.

"రోజూ ఇలాగేనా?" అంది ఆమె.

గోడ మళ్లీ గడప లోపలికి వచ్చాడు. "నువ్వు పనికెళ్లగానే నొప్పి మొదలవుతుంది. నువ్వొచ్చే వేళకి మొహం కడుక్కుంటా."

కోచ్ టోపీ తీశాడు. "రెండోవాణ్ణే నిలబెడతాలే" అని, ఎన్నడూ లేనిది, పరుగు పెట్టకుండా నడిచి వెళ్లిపోయాడు. పిన్ని తలుపు దగ్గరికి లాగి వెళ్లింది.

ఆమె గోడ చేతుల్లోంచి తొడుగులు ఒక్కొక్కటే లాగింది. దుకాణానికి ఫోన్ చేసి ఇవాళ రానని చెప్పింది. వెళ్లి నీడకి ఒక పక్కన కూర్చుని, రెండో పక్కన అతనికి చోటు చూపించింది.