అక్క సాక్ష్యం

ఆమె భర్తా, తమ్ముడూ పద్నాలుగేళ్లు కలిసి లిఫ్టులు బాగుచేశారు. ఏ ఆఫీసు మేడలో లిఫ్టు మొరాయించినా ఇద్దరూ ఒకే బండి మీద వెళ్లేవాళ్లు. ఒకరు కింద లిఫ్టు గుంతలోకి దిగి పని చేస్తుంటే, ఇంకొకరు మేడ పైన మిషను గదిలో ఉండాలి. కిందివాడు బయటికొచ్చి కేకేస్తే తప్ప పైవాడు కరెంటు వెయ్యకూడదు. ఆ పద్ధతి తమ్ముడికి నేర్పింది బావే.

తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆమే. వాడికి ముక్కు మీద కోపం. వచ్చినంత వేగంగానే పోతుంది గాని, వచ్చినప్పుడు మాత్రం నోటికి అడ్డూ అదుపూ ఉండదు.

ఆ రోజు పొద్దున ఏడంతస్తుల ఆఫీసు మేడలో, నడుముకు బెల్టు కట్టుకోకుండా పనికి దిగాడని బావ వాణ్ణి అందరి ముందూ కడిగేశాడు. వారంలో అది రెండోసారి. ఇంకోసారి ఇలా చేస్తే పనిలోంచి తీసేస్తానన్నాడు. మేడ వాచ్‌మన్, ఆఫీసు గుమాస్తాలు వింటున్నారు. తమ్ముడి చెవులు ఎర్రబడ్డాయి. "నీ సంగతి చూస్తా బావా," అని మెట్లెక్కి పైకి పోయాడు. బావ గుంతలోకి దిగాడు.

ముప్పావుగంట తర్వాత వాడు పైనుంచి, "అయిందా బావా?" అని కేకేశాడు. జవాబు లేదు. మళ్లీ పిలిచాడు. బావ ఎప్పుడో బయటికొచ్చి ఉంటాడనీ, పొద్దుటి కోపంతో పలకడం లేదనీ అనుకుని స్విచ్చి వేశాడు. కింద ఎవరో మీట నొక్కారు. లిఫ్టు దిగింది. బావ ఇంకా గుంతలోనే ఉన్నాడు.

ఆమె యూనిఫారాలు కుట్టే దుకాణంలో చొక్కాలకు కాజాలు కుడుతుండగా ఫోనొచ్చింది. ఆసుపత్రి వసారాలో తమ్ముడు గోడకానుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. చేతులకు గ్రీజు అలాగే ఉంది.

"పిలిచానక్కా. రెండుసార్లు పిలిచాను. కోపమనుకున్నాను," అన్నాడు.

చిన్నప్పుడు వాడు ఎక్కడ పడినా ముందు ఎత్తుకున్నది ఆమే. ఆ రోజు మాత్రం చెయ్యి ముందుకు రాలేదు. వాణ్ణి దాటుకుని లోపలికి వెళ్లిపోయింది.

వాచ్‌మన్ తాను విన్న మాట పోలీసులకు చెప్పాడు. బెదిరించాడు, గంట తిరక్కుండా స్విచ్చి వేశాడు అని వాళ్లు హత్య కేసు రాశారు. తమ్ముడికి బెయిలు రాలేదు.

సాక్షిగా పిలుపు వచ్చినప్పుడు ఆమె ప్రభుత్వ లాయరమ్మ దగ్గరికి వెళ్లింది. పొరపాటున ప్రాణం పోయినా హత్యే అవుతుందా అని అడిగింది. ఆవిడ జుట్టు నెరిసిన మనిషి, తొందర లేని మనిషి. చేతిలో కాగితాలు పక్కన పెట్టి నెమ్మదిగా చెప్పింది.

"పోయింది ఒక్క ప్రాణమే అయినా చట్టంలో దానికి పేర్లు వేరమ్మా. చంపాలనుకునే చేస్తే హత్య. చంపాలని లేకపోయినా, చూసుకోవలసింది చూసుకోకుండా చేస్తే నిర్లక్ష్యం. మొదటిదానికి బతుకంతా జైలు. రెండోదానికి కొన్నేళ్లు. తేడా అంతా ఆ నిమిషంలో అతని మనసులో ఏముందన్న దాంట్లోనే ఉంది."

"వాడి మనసులో ఏముందో మీకెలా తెలుస్తుందండీ?"

"మాటల్ని బట్టి, చేతల్ని బట్టి చూడాలి. అందుకే మీరు కావాలి. నాకు సాయం చెయ్యాలని చూడొద్దు, అతనికీ చెయ్యొద్దు. తెలిసింది చెప్పండి."

ఇంట్లో అత్తగారు మంచం దిగడం మానేసింది. కోర్టుకు బయల్దేరుతుంటే కోడల్ని దగ్గరికి పిలిచింది. "వాడు నీకు తమ్ముడే, కాదనను. పోయినవాడు నాకు ఒక్కగానొక్కడు. ఆ సంగతి మర్చిపోకు," అంది.

బోనులో నిలబడ్డాక ప్రభుత్వ లాయరమ్మ అడిగింది, ఆమె తమ్ముడు అంతకుముందెప్పుడైనా బావను అలా బెదిరించాడా అని.

"అన్నాడండి. చాలాసార్లు అన్నాడు."

కోర్టు హాల్లో గుసగుసలు రేగాయి. తమ్ముడి తరఫు లాయరు లేచి, అలా అన్నాక ఏం చేసేవాడని అడిగాడు.

"సాయంత్రానికి మా ఇంటికే వచ్చి అన్నం తినేవాడండి. ఆయనతో మాట్లాడేవాడు కాదు. ఆయన పక్కనే కూర్చుని ఉన్నా, కూర వడ్డించమని మీ ఆయనకి చెప్పక్కా అనేవాడు."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. లాయరు ఇక చాలని కూర్చోబోయాడు. ఆమె దిగలేదు. ఇంకో మాట చెప్పాలంది. జడ్జిగారు చెప్పమన్నారు.

"ఆయన్ని చంపాలని వాడు అనుకోలేదండి. వాణ్ణి పెంచాను, నాకు తెలుసు. కానీ పలక్కపోతే దిగి చూడాలి. ఏడంతస్తులు దిగడానికి బద్ధకించాడో, ముందు నేనెందుకు వెళ్లాలని పంతం పట్టాడో, దిగలేదు. దిగుంటే మా ఆయన ఉండేవాడు."

తమ్ముడి లాయరు ముఖం మాడిపోయింది. ముద్దాయి బోనులో తమ్ముడు మాత్రం అవునన్నట్టు తలూపాడు. అంతవరకూ దించిన తల అప్పుడే ఎత్తాడు.

తీర్పు రావడానికి మరో నాలుగు నెలలు పట్టింది. హత్య కాదన్నారు. నిర్లక్ష్యంతో ప్రాణం తీసినందుకు రెండేళ్ల జైలు. వాళ్లుండే మేడలో పైవాటావాళ్లు, సొంత తమ్ముణ్ణి జైలుకు పంపిందన్నారు. కిందివాటావాళ్లు, మొగుడి ప్రాణం తీసినవాణ్ణి గట్టెక్కించిందన్నారు. మెట్ల మీద ఎదురుపడితే రెండు వాటాలవాళ్లూ పలకరింపు మానేశారు. అత్తగారికి తీర్పు సంగతి ఆమే చెప్పింది. ముసలావిడ "రెండేళ్లా," అని, అటు తిరిగి పడుకుంది. ఆ రోజు నుంచి కోడలు పెట్టింది తినేది గాని, కావాలనిగాని వద్దనిగాని అనేది కాదు.

కాజాలు కుట్టేటప్పుడు ఆమె చెయ్యి అప్పుడప్పుడు ఆగిపోయేది. తమ్ముడి మీద కోపంతో భర్త కోసం ఏడవబోతే, తమ్ముడి కోసం ఏడుపొచ్చేది. ఎవరి కోసమో తేలక సూది మళ్లీ అందుకునేది.

రెండు నెలలు గడిచాక జైలుకు వెళ్లింది. ఇనప జాలీకి అటు తమ్ముడు, ఇటు ఆమె.

"నువ్వు రావనుకున్నానక్కా."

"నేనూ అనుకున్నాను," అందామె.

లోపల కరెంటు పని చెప్పబోతే వద్దన్నాననీ, తోటపనిలో వేయించుకున్నాననీ చెప్పాడు. అరచేతుల్లో బొబ్బలు కనిపించాయి. గంట కొట్టేదాకా ఆమె వాటినే చూస్తూ కూర్చుంది.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే లోపలి నుంచి అత్తగారి గొంతు వినిపించింది.

"తింటున్నాడా?"

ఆమె చెంబు కింద పెట్టింది. "సరిగ్గా తినట్లేదత్తయ్యా. చిక్కిపోయాడు."

కాసేపటికి ముసలావిడ ముక్కు చీదుకున్న చప్పుడైంది. ఆమె లోపలికి వెళ్లి మంచం పక్కన నేల మీద కూర్చుంది. చీకటి పడ్డా ఇద్దరిలో ఎవరూ లేచి దీపం వెయ్యలేదు.